రఫ్ షీటు ఎలా వాడాలి: టైమ్ పెట్టి రాసే లెక్కల పరీక్షకు ఆరు పద్ధతులు, ఎవరికి ఏది

మే నెలలో కాకినాడ, రాజమండ్రి, భీమవరం పరీక్షా కేంద్రాల గేటు దగ్గర కాసేపు నిలబడితే ఒకే మాట పదిమంది నోట వినిపిస్తుంది. "ఆయ్, వచ్చిన బిట్టేనండి, మైనస్ చూసుకోలేదు." ఇంకొకడు రఫ్ షీటులో జవాబు సరిగ్గానే తెచ్చి, స్క్రీన్ మీద పక్క ఆప్షన్ నొక్కి వస్తాడు. ఇంకో అమ్మాయి సగం చేసి వదిలిన లెక్కకి చివర్లో తిరిగి వస్తే, తను రాసుకున్నది ఆ కాగితంలో ఎక్కడుందో తనకే దొరకదు. వీళ్లెవరికీ సబ్జెక్టు రాక కాదు. లెక్కలు చెబుతాం, షార్ట్‌కట్లు చెబుతాం. ఆ తెల్ల కాగితాన్ని ఎలా వాడుకోవాలో మాత్రం ఒక పూట కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ.

అన్ని పరీక్షలకీ పనికొచ్చే పద్ధతి ఒకటి లేదు. ఈఏపీసెట్‌లో కాపాడే అలవాటే బ్యాంకు పరీక్షలో ముంచుతుంది. కాబట్టి ముందు మీ పరీక్ష స్వభావం చూసుకుని, తర్వాత పద్ధతి ఎంచుకోవాలి.

## ముందు పరీక్షను చూడండి

| పరీక్ష | ప్రశ్నలు | సమయం | సగటున ఒక్కోదానికి | తప్పుకి కోత | రఫ్ వర్క్ ఎక్కడ |
|---|---|---|---|---|---|
| ఏపీ ఈఏపీసెట్ (ఇంజినీరింగ్) | 160, అందులో లెక్కలు 80 | 180 నిమిషాలు | 67 సెకన్లు | లేదు | కేంద్రంలో ఇచ్చే షీటు |
| జేఈఈ మెయిన్ (బీఈ, బీటెక్) | 75, అందులో లెక్కలు 25 | 180 నిమిషాలు | 144 సెకన్లు | +4, −1 | కేంద్రంలో ఇచ్చే షీటు |
| ఏపీ పాలిసెట్ | 120, అందులో లెక్కలు 50 | 120 నిమిషాలు | 60 సెకన్లు | లేదు | ప్రశ్నల బుక్‌లెట్ |
| ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలు) టైర్ 1 | 100, అందులో లెక్కలు 25 | 60 నిమిషాలు | 36 సెకన్లు | 0.50 | కేంద్రంలో ఇచ్చే షీటు |
| ఐబీపీఎస్ పీఓ (బ్యాంకు ఉద్యోగాలు) ప్రిలిమ్స్, లెక్కల భాగం | 35 | 20 నిమిషాలు | 34 సెకన్లు | మార్కులో నాలుగో వంతు | కేంద్రంలో ఇచ్చే షీటు |

నోటిఫికేషన్‌లో అప్పుడప్పుడూ మార్పులు వస్తుంటాయి, మీ ఏడాదిది ఒకసారి సరిచూసుకోండి. ఈ పట్టికలో నేను ముందుగా చూసేది సగటు సెకన్లు కాదు. వదిలిన ప్రశ్నకి తిరిగి రావచ్చా, తప్పుకి కోత ఉందా అన్నవి. ఈఏపీసెట్, జేఈఈ మెయిన్‌లో టైమ్ అయ్యేదాకా ఏ బిట్టుకైనా మళ్లీ రావచ్చు. ఐబీపీఎస్ ప్రిలిమ్స్‌లో 20 నిమిషాలు అయ్యాయంటే ఆ భాగం మూసుకుపోతుంది, ఇక దాని మొహం చూడలేరు. తిరిగి వచ్చే వీలే లేనప్పుడు, తిరిగి వస్తే దొరకాలని శ్రమపడి రాసుకోవడం దండగ.

## ఏ కొలతలతో పోల్చాలి

మొదటిది, తిరిగి వస్తే దొరకాలి. వదిలిన లెక్కని మళ్లీ మొదటినుంచి చేయాల్సి వస్తే మొదటిసారి పెట్టిన సమయమంతా గోదాట్లో కలిసినట్టే.

రెండోది, దించుకునే అంకెలు తక్కువుండాలి. కంప్యూటర్ పరీక్షలో ప్రశ్న కింద గీత గీయలేం, ఇచ్చిన బొమ్మ మీద కోణం రాసుకోలేం. ప్రతి అంకె స్క్రీన్ నుంచి కాగితానికి దిగాలి, జవాబు మళ్లీ కాగితం నుంచి స్క్రీన్‌కి ఎక్కాలి. 7 కాస్తా 1 అయ్యేది, 6 కాస్తా 0 అయ్యేది, మైనస్ ఎగిరిపోయేది ఈ ఎక్కి దిగడాల్లోనే. అలాగని ఏమీ రాయకుండా అన్నీ బుర్రలోనే పెట్టుకుంటే అక్కడ ఇంకో రకంగా పోతాయి.

మూడోది, అడిగిందేమిటో కాగితం మీద కనపడాలి. వేగం అడిగితే సమయం, లాభం అడిగితే అమ్మిన ధర గుర్తించి రావడం వల్ల పోయే మార్కులు తక్కువేం కావు. ప్రశ్న తయారుచేసేవాళ్లకి ఇది బాగా తెలుసు. మధ్యలో వచ్చే అంకెను కూడా ఆప్షన్లలో పెడతారు.

సెకన్లు, కాగితం ఖర్చు ఆ తర్వాతే. కుడిచేతివాటం వాళ్లకి ఇంకో చిన్న చిక్కు ఉంది. పెన్నూ ఆ చేతికే కావాలి, మౌసూ ఆ చేతికే కావాలి. ప్రతి బిట్టుకీ పెన్ను పెట్టి మౌసు, మౌసు వదిలి పెన్ను పట్టుకుంటుంటే పరీక్ష మొత్తం మీద నిమిషాలే పోతాయి. ఇంటి దగ్గర ఎడమ చేత్తో మౌసు నొక్కడం అలవాటు చేసుకున్నవాళ్లకి ఆ ఇబ్బంది ఉండదు.

## 1. స్టెప్పులన్నీ రాయడం

ఇది పదో తరగతి, ఇంటర్ పబ్లిక్ పరీక్షల అలవాటు. అక్కడ స్టెప్పుకి మార్కు ఉంటుంది కాబట్టి "ఇచ్చినవి, కావలసినవి, సూత్రం, సాధన" అని పద్ధతిగా రాయడం సరైనదే. ఆప్షన్ నొక్కే పరీక్షలో ఆ కాగితం దిద్దేవాళ్లెవరూ ఉండరు.

ఒక లెక్క తీసుకుందాం. ఒక పడవ 30 కిలోమీటర్ల దూరం వాలుకి 2 గంటల్లో, ఎదురుకి 3 గంటల్లో వెళ్తుంది, ప్రవాహ వేగం ఎంత? (మన సఖినేటిపల్లి, నరసాపురం మధ్య పంటు నదిని అడ్డంగా దాటుతుంది. పరీక్షల్లో పడవ మాత్రం ఎప్పుడూ వాలుకో, ఎదురుకో పోతుంది.) స్టెప్పులన్నీ రాసేవాడు పడవ వేగం ఎక్స్, ప్రవాహ వేగం వై అనుకుంటాడు. ఎక్స్ + వై = 15, ఎక్స్ − వై = 10. రెండూ కలిపి, 25ని సగం చేసి, 12.5 తెస్తాడు. ఎక్స్ దొరికిన సంబరంలో ఆప్షన్ల వైపు చూస్తే 12.5 అక్కడే ఉంటుంది, నొక్కేస్తాడు. అడిగింది ప్రవాహ వేగం, అంటే 2.5. ఇన్ని వరుసలు రాసి కూడా అడిగిందేమిటో కాగితం మీద ఎక్కడా రాసుకోలేదు.

అయినా ఈ పద్ధతిని తీసిపారేయను. జేఈఈ మెయిన్‌లో లెక్కల్లో 5 ప్రశ్నలకి ఆప్షన్లు ఉండవు, స్క్రీన్ మీద కనిపించే అంకెల మీటలు నొక్కి జవాబు మనమే పెట్టాలి. పొరపాటున వేరే అంకె వస్తే "ఇది ఆప్షన్లలో లేదే" అని హెచ్చరించేది ఏదీ ఉండదు. పొడుగాటి ఇంటిగ్రేషన్, మాత్రిక విలోమం లాంటివాటిలో కూడా స్టెప్పు మింగితే తప్పు ఎక్కడ దొర్లిందో వెతకడానికే రెట్టింపు టైమ్ పడుతుంది. అక్కడ వరుసగా రాయండి. మిగతా చోట్ల "సూత్రం ప్రకారం" లాంటి మాటలు, కొట్టివేసిన భిన్నాన్ని మళ్లీ అందంగా రాయడం మానేయండి.

## 2. నంబరు గడులు

ఏది ఎంచుకోవాలో తేలనివాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే. ఏ4 కాగితమైతే నిలువుగా ఒక మడత, అడ్డంగా రెండుసార్లు సగానికి మడత పెట్టి విప్పితే ఒక వైపు ఎనిమిది గడులు వస్తాయి. స్కేలు అక్కర్లేదు, గీతలు అక్కర్లేదు, మడతే చాలు. కొన్ని కేంద్రాల్లో షీటు చిన్నది ఇస్తారు, అప్పుడు ఆరు గడులు చేసుకోండి.

గడిలో పై ఎడమ మూల ప్రశ్న నంబరు. పై కుడి మూల అడిగిందేమిటో ఒకటి రెండు అక్షరాల్లో, పక్కన ప్రశ్నార్థకం. పడవ లెక్కలో "ప్ర?" అని పడిందంటే 12.5 దగ్గర చెయ్యి ఆగుతుంది. మధ్యలో లెక్క. జవాబు చుట్టూ సున్న. తేలకుండా వదిలితే గడి అడుగున ఏ ఆప్షన్లు కావని తేలిందో రాసుకోవాలి, "1, 4 కాదు" అని.

ఈ చివరి ముక్కకి ఈఏపీసెట్‌లో విలువ ఎక్కువ. అక్కడ తప్పుకి కోత లేదు కాబట్టి ఏ బిట్టూ ఖాళీగా వదలకూడదు. చివరి ఐదు నిమిషాల్లో గుడ్డిగా నాలుగులో ఒకటి నొక్కడం వేరు, రెండు కొట్టివేసి మిగిలిన రెండింట్లో ఒకటి నొక్కడం వేరు. ఆ రెండు కొట్టివేసిన సంగతి మొదటిసారి చూసినప్పుడే తెలుసు, రాసుకోకపోవడంతో మర్చిపోయి ఉంటాం. జేఈఈలో అయితే ఆ రెండింటి మధ్య తూకం మరోలా ఉంటుంది. తప్పుకి ఒకటి పోతుంది, ఒప్పుకి నాలుగు వస్తాయి. రెండు ఆప్షన్లు నిజంగా కొట్టివేయగలిగితే అక్కడ కూడా నొక్కడమే లాభం.

గడులు గుర్తు తప్పుల్ని కూడా పట్టిస్తాయి. కేంద్రం (2, −3), సమీకరణంలో స్థిర పదం −12 ఉన్న వృత్తం వ్యాసార్థం అడిగారనుకోండి. గడిలో √(4 + 9 + 12) అని ఒక్క వరుస పడితే 25, జవాబు 5. బుర్రలోనే చేసేవాడు స్థిర పదాన్ని తీసివేయాలన్న సంగతి గుర్తుంచుకుని, అది మైనస్సన్న సంగతి మరిచిపోతాడు. 4 + 9 − 12, మిగిలేది 1, వర్గమూలం కూడా 1. ఇంత శుభ్రంగా వచ్చిన అంకె మీద అనుమానమే రాదు.

లోపాలూ ఉన్నాయి. నంబరు వేయడానికి, అడిగింది రాయడానికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది. 67 సెకన్ల పరీక్షలో అది భరించవచ్చు, 34 సెకన్ల పరీక్షలో భారం. పెద్ద చేతిరాత ఉన్నవాళ్లకి గడి సరిపోదు. పొడుగు లెక్క వస్తే రెండు గడులు కలిపి వాడండి, గడిలో ఇరికించాలని అంకెలు చీమల్లా రాయకండి. చూడగానే చెప్పగలిగే బిట్టుకి గడి అక్కర్లేదు. ఈఏపీసెట్ లెక్కల్లో 80కి 80 గడులు పెట్టాలనుకునేవాళ్లకి కాగితమూ చాలదు, టైమూ చాలదు.

## 3. కీలకమైన అంకెలు మాత్రమే

బ్యాంకు, ఎస్‌ఎస్‌సీ వాళ్ల పద్ధతి ఇది. ప్రశ్న చదువుతూనే అవసరమైన రెండు మూడు అంకెలు దించి, మిగతాది బుర్రలో. పడవ లెక్క వీళ్ల కాగితం మీద "15, 10, 2.5" అంతే.

దీని అసలు బలం దేన్ని రాయకూడదో తెలియడంలో ఉంది. భీమవరం, ఆకివీడు వైపు పిల్లలకి రొయ్యల కౌంట్ గురించి చెప్పనక్కర్లేదు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంట్, అంకె తగ్గితే రొయ్య పెద్దదైనట్టు. ఒక చెరువులో 2 లక్షల పిల్ల వేశారు, 80 శాతం బతికింది, 50 కౌంట్‌లో పట్టే బదులు 40 కౌంట్ దాకా ఉంచి పట్టారు, బతికిన సంఖ్య తగ్గలేదు, బరువు ఎంత శాతం పెరిగింది? అన్నీ దించేవాడు 1,60,000 రొయ్యలు, 3,200 కిలోలు, 4,000 కిలోలు, తేడా 800, 3,200లో 800 ఎంత శాతం అని వెళ్తాడు. కీలక అంకెలవాడు రొయ్యల సంఖ్య రెండు చోట్లా ఒకటేనని చూసి "50/40" అని రాస్తాడు. 25 శాతం, అయిపోయింది. 2 లక్షలు, 80 శాతం అతని కాగితం మీదికి రానే లేదు.

ఇదే లెక్క ప్రమాదం కూడా చూపిస్తుంది. కౌంట్ 50 నుంచి 40కి తగ్గింది 20 శాతం. రాసుకోకుండా తొందరపడితే 20 నొక్కి వచ్చేస్తారు. అందుకే ఈ పద్ధతి ఎంచుకునేవాళ్లు భిన్నాన్ని మాత్రం బుర్రలో పెట్టుకోకుండా కాగితం మీద వేయాలి, ఏది పైన ఏది కింద అన్నది కంటితో చూడాలి.

ఇంకో షరతు. 25 దాకా ఎక్కాలు, 30 దాకా వర్గాలు, 1/12 దాకా భిన్నాలకు శాతాలు నోటికి రానివాళ్లు ఈ జోలికి వెళ్లొద్దు. 17 పదమూళ్లు ఎంతో ఆలోచించాల్సి వస్తే మిగతా అంకెలు బుర్రలోంచి జారిపోతాయి. తర్వాత మిగిలేవి కాకి లెక్కలే. జేఈఈ స్థాయి లెక్కకి ఈ పద్ధతి ఎంత ఎక్కాలు వచ్చినవాళ్లకైనా చాలదు.

## 4. ముందు బొమ్మ, లేదా పట్టిక

ఇది విడి పద్ధతిగా కంటే మిగతావాటికి తోడుగా పనికొస్తుంది. కొన్ని అధ్యాయాల్లో దీనికి పోటీయే లేదు. త్రికోణమితిలో ఎత్తులు దూరాలు, వృత్తాలు, సదిశలు, సంభావ్యత, బ్యాంకు పరీక్షల్లో డేటా ఇంటర్‌ప్రిటేషన్, గుండ్రంగా కూర్చునే రీజనింగ్ లెక్కలు.

అంతర్వేది లాంటి చోట ఒక దీపస్తంభం ఉంది, దాని ఎత్తు 60 మీటర్లు అనుకుందాం. పైనుంచి చూస్తే రెండు పడవలు 30°, 60° నిమ్న కోణాల్లో కనిపిస్తున్నాయి. వాటి మధ్య దూరం? పడవలు ఒకే వైపు ఉంటే 60√3 లోంచి 20√3 తీసేయాలి, 40√3 మీటర్లు. చెరో వైపు ఉంటే కలపాలి, 80√3. రెండూ ఆప్షన్లలో ఉంటాయి. "ఒకే వైపు" అన్న మాట చదివి దాటేయడం సులువు. నిలువు గీత, నేల గీత గీసి రెండు చుక్కలు పెట్టేటప్పుడు మాత్రం ఏ వైపు పెట్టాలో తేల్చుకోక తప్పదు.

బొమ్మ అందంగా ఉండక్కర్లేదు, రెండంగుళాలు చాలు. 30° గీతని 60° కంటే నిటారుగా మాత్రం గీయకండి, కన్ను మోసం చేస్తుంది. పట్టిక విషయంలో స్క్రీన్ మీదున్న పట్టికనంతా కాగితానికి ఎత్తడం శుద్ధ దండగ. ఇవ్వని గడుల్ని మాత్రం లెక్కగట్టి రాసుకోండి, ఆ పట్టిక మీద వచ్చే మిగతా ప్రశ్నలకీ అవే పనికొస్తాయి.

## 5. మొదటి నిమిషంలో ఫార్ములాలు దించేయడం

కూర్చోగానే గుర్తున్న సూత్రాలన్నీ షీటు పైన రాసేసుకోమని కొందరు చెబుతారు. నాకు దీని మీద పెద్దగా నమ్మకం లేదు. ఈఏపీసెట్‌లో రెండు నిమిషాలు అంటే దాదాపు రెండు బిట్లు, పైగా రాసినవాటిలో సగానికి అవసరమే రాకపోవచ్చు. బ్యాంకు పరీక్షలో అయితే ఆలోచించనే వద్దు.

ఒక్క రకం వాళ్లకి పనికొస్తుంది. మొదటి పది నిమిషాలు టెన్షన్‌తో చెయ్యి వణికి, వచ్చిన ఫార్ములా కూడా తారుమారు అయ్యేవాళ్లు. వాళ్లు తరచూ తడబడే ఐదారు సూత్రాలు మాత్రం ముందే ఎంచుకుని, అవే రాసుకుంటే చెయ్యి కాస్త కుదుటపడుతుంది. పరీక్ష మొదలుకాక ముందే షీటు మీద పెన్ను పెట్టొద్దు. ఇన్విజిలేటర్‌ని అడిగి, సరేనంటేనే.

## 6. ప్రశ్నపత్రం మీదే

పాలిసెట్‌లా బుక్‌లెట్, ఓఎంఆర్ (జవాబు సున్నాని పెన్నుతో నింపే షీటు) ఉండే పరీక్షలకి ఇది వరం. ప్రశ్న పక్కనే లెక్క ఉంటుంది కాబట్టి అంకెలు ఎక్కి దిగే పని లేదు. అడిగిన మాట కింద గీత, బొమ్మ మీదే కోణాలు, కాని ఆప్షన్ మీద అడ్డగీత. తిరిగి వస్తే దొరుకుతుందా అన్న బెంగే ఉండదు. రఫ్ వర్క్ ఎక్కడ చేయొచ్చో బుక్‌లెట్ మొదటి పేజీ సూచనల్లో ఉంటుంది, అది చదివి మొదలుపెట్టండి. ఓఎంఆర్ షీటు మీద మాత్రం చుక్క కూడా పెట్టొద్దు.

ఇక్కడ ప్రమాదం వేరే చోట ఉంది. వదిలిన బిట్టు దగ్గర ఓఎంఆర్‌లో ఒక వరుస కిందికి జారితే ఆ తర్వాతివన్నీ తప్పే. పేజీ అయ్యాక ఆ పేజీ జవాబులన్నీ ఒకేసారి దిద్దుకునేవాళ్లు, పేజీలో చివరి నంబరు ఓఎంఆర్ నంబరుతో కలిసిందో లేదో చూసుకుంటే చాలు. చివరి పావుగంటలో 120 దిద్దుదామని కూర్చోవడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

## పక్కపక్కన పెడితే

| పద్ధతి | తిరిగి వస్తే దొరుకుతుందా | తప్పు దొర్లే చోటు | వేగం | బాగా కుదిరేది |
|---|---|---|---|---|
| స్టెప్పులన్నీ | దొరుకుతుంది, వెతకాలి | మధ్య అంకెని జవాబనుకోవడం | తక్కువ | జేఈఈ అంకె జవాబులు, పొడుగు లెక్కలు |
| నంబరు గడులు | వెంటనే | ఇరుకు రాత | మధ్యస్తం | ఈఏపీసెట్, జేఈఈ |
| కీలక అంకెలు | కష్టం | భిన్నం తిరగబడటం | ఎక్కువ | ఐబీపీఎస్, ఎస్‌ఎస్‌సీ |
| బొమ్మ, పట్టిక | దొరుకుతుంది | పట్టికనంతా ఎత్తిరాయడం | అధ్యాయాన్ని బట్టి | ఎత్తులు దూరాలు, డేటా |
| ముందే ఫార్ములాలు | వర్తించదు | వృథా సమయం | తక్కువ | టెన్షన్ ఎక్కువ ఉన్నవాళ్లు |
| ప్రశ్నపత్రం మీదే | వెంటనే | ఓఎంఆర్ వరుస జారడం | ఎక్కువ | పాలిసెట్ లాంటివి |

## మీరు ఎవరైతే ఏది

ఇంటర్ ఎంపీసీ చదువుతూ ఈఏపీసెట్ మీదే ఆశ పెట్టుకున్నవాళ్లు గడులు అలవాటు చేసుకోండి. ఫిజిక్స్, కెమిస్ట్రీ 80 బిట్లు 70 నిమిషాల్లో ముగించగలిగితే లెక్కలకి 110 నిమిషాలు మిగులుతాయి. ఒక్కో బిట్టుకి 82 సెకన్లు, గడికి పెట్టే మూడు సెకన్లు అందులో లెక్కలోకి రావు.

జేఈఈ, ఈఏపీసెట్ రెండూ రాసేవాళ్లకి రెండు వేర్వేరు పద్ధతులు అక్కర్లేదు. గడులే ఉంచి, జేఈఈకి గడి పెద్దది చేసుకోండి, ఒక వైపు నాలుగు. స్క్రీన్ మీద మళ్లీ చూడాలని గుర్తు పెట్టిన ప్రశ్న గడికి కూడా పెద్ద చుక్క పెట్టండి. జేఈఈ మెయిన్‌లో జవాబు నొక్కి, మళ్లీ చూడాలని గుర్తు పెట్టినా ఆ జవాబుని లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి అనుమానంగా ఉందని జవాబు తీసేయాల్సిన పనిలేదు.

డిగ్రీ అయ్యాక బ్యాంకు కోచింగ్‌కి వెళ్తున్నవాళ్లకి పాత అలవాటే పెద్ద అడ్డంకి. ఎంపీసీలో స్టెప్పులన్నీ రాసిన చెయ్యి ఒక్క వారంలో మారదు. ముందు సింప్లిఫికేషన్, సిరీస్ బిట్లలో మాత్రం కీలక అంకెలకి మారండి, మిగతావి పాత పద్ధతిలోనే చేస్తూ ఒక్కో అధ్యాయాన్నీ ఇటు తెచ్చుకోండి. పెళ్లయి, పిల్లలు బడికి వెళ్లే వయసొచ్చాక మళ్లీ పరీక్షలకి కూర్చునే అక్కచెల్లెళ్లు ఈ మధ్య బాగా కనిపిస్తున్నారు. వాళ్లకి లాభనష్టాలు, వడ్డీ లెక్కలు చేతి మీద ఉంటాయి, ఎక్కాలే తుప్పు పడతాయి. ఎక్కాలు తిరగేసుకునేదాకా గడులతో నెట్టుకురండి.

తెలుగు మీడియంలో చదివినవాళ్లు సమీకరణంలో ఎక్స్, వై బదులు తెలుగు అక్షరాలే వేసుకోవచ్చు. ప్రవాహానికి "ప్ర", కొన్నవెలకి "కొ", అమ్మినవెలకి "అ". రఫ్ షీటు మీకు తప్ప ఎవరికీ అర్థం కానక్కర్లేదు, పైగా ఏది ఏమిటో మళ్లీ గుర్తు తెచ్చుకునే పని తప్పుతుంది.

ఇక రాత. 7కి నడుమ అడ్డగీత, జెడ్‌కి నడుమ అడ్డగీత పెట్టడం ఈరోజే మొదలుపెట్టండి. మైనస్ గుర్తుని అంకెకి అంటించి కాక, కాస్త పొడుగ్గా గీయండి. ప్రమాణాలు కలిసిన లెక్కల్లో అంకె పక్కన ప్రమాణం రాయండి. 3 ఎకరాల 20 సెంట్లు, ఎకరానికి 40 బస్తాలు, బస్తా 75 కిలోలు, ఎన్ని క్వింటాళ్లు? 3.2 × 40 × 75 చేస్తే 9,600 వస్తుంది, పక్కన "కి" అని ఉంటేనే 96 అని నొక్కుతారు.

## తేల్చుకోవడం ఎలా

ఇదంతా చదివాక కూడా ఊగిసలాట ఉంటే మాక్ టెస్టుల రఫ్ షీట్లు పారేయకండి. తప్పు పోయిన ప్రతి బిట్టు పక్కనా కారణం ఒక్క అక్షరంలో వేయండి. అసలు రానిదైతే "రా". స్క్రీన్ నుంచి దించేటప్పుడు అంకె మారితే "దిం". కూడికలో, తీసివేతలో పోతే "కూ". అడిగింది ఒకటైతే నొక్కింది ఇంకొకటైతే "అ". తిరిగి వచ్చేసరికి దొరక్కపోతే "దొ".

"దొ", "అ" ఎక్కువుంటే గడులకి మారాలి. "దిం" ఎక్కువుంటే తక్కువ దించుకోవాలి, కీలక అంకెలు, బొమ్మ. "కూ" ఎక్కువుంటే మీరు స్టెప్పులు మింగుతున్నట్టు, ఇంకో వరుస రాయండి. "రా" లే ఎక్కువుంటే రఫ్ షీటుని ఏమీ అనకండి, పుస్తకం తీయండి.

ఈ ప్రయోగం రూళ్ల నోట్‌బుక్కులో చేస్తే ఫలితం రాదు. పరీక్షలో ఇచ్చేది తెల్ల కాగితం, ప్రశ్న ఉండేది ఎదురుగా నిలువు స్క్రీన్ మీద. కంప్యూటర్ లేని ఇంట్లో ఫోన్‌ని నీళ్ల సీసాకి ఆనించి కళ్లెదురుగా నిలబెట్టి, అటు చదివి ఇటు తెల్ల కాగితం మీద చేసినా సరిపోతుంది. పరీక్ష ఏ పూట పడితే ఆ పూటే కూర్చోండి. ఫోన్ రింగవ్వకుండా ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, టైమర్ మాత్రం ఆన్ చేసుకోండి.